రాబోయే శనివారం నీటిమట్టం

బుధవారం మధ్యాహ్నం పన్నెండుంబావుకి కరెంటు పోయింది. పోతే పోయింది, దానికది అలవాటే. సర్వర్‌ని కాసేపు నిలబెట్టాల్సిన బ్యాటరీ కూడా దానితోపాటే పోయింది. ఆ బ్యాటరీ చచ్చిపోయిందని మూడేళ్ళలో నేను పదకొండు అర్జీలు పెట్టాను. పదకొండింటి మీదా మా సూపరింటెండెంటు గారు ఆకుపచ్చ సిరాతో ‘పరిశీలనలో ఉంది’ అని రాసి సంతకం చేశారు. అందుకే ఆఫీసులో అందరూ ఆయన్ని చాటుగా ‘పరిశీలన గారు’ అంటారు. ఆ పేరు పెట్టింది నేనే, ఒప్పుకుంటున్నాను.

మాది నది కొలతల ఆఫీసు. ముప్ఫై ఒక్క చోట్ల నీరు ఎంత ఎత్తున ఉందో రోజూ పొద్దున్న ఏడింటికల్లా మాకు తెలియాలి. ఎక్కడైనా పెరుగుతోందంటే దిగువన పల్లపు వీధి వాళ్ళకి ముందుగా కబురు పంపాలి. ఆ కొలతలన్నీ ఉండేది ఒకే ఒక్క సర్వర్‌లో, దాన్ని చూసుకునేది నేనొక్కదాన్ని. రోజూ నకలు తీసి పెట్టుకోవడానికి ఇంకో డిస్క్ కావాలని అడిగిన అర్జీ సంగతి వేరే చెప్పక్కర్లేదు. అదీ పరిశీలనలోనే ఉంది.

కరెంటు వచ్చాక సర్వర్ లేచింది కానీ, మత్తుమందు దిగని రోగిలా లేచింది. తన డిస్క్‌లో ఏది ఎక్కడుందో దానికే తెలియదు. ఇలాంటప్పుడు చేయగలిగింది ఒక్కటే: ఫైల్ సిస్టమ్ చెక్ మొదలుపెట్టి నోరు మూసుకుని కూర్చోవడం. అది డిస్క్‌ని మూలమూలలా జల్లెడ పడుతుంది. ఏ ఫోల్డర్‌కి చెందిందో తేలని ఫైళ్ళన్నీ తెచ్చి ‘లాస్ట్ అండ్ ఫౌండ్’ అనే ఒకే చోట గుమ్మరిస్తుంది. ఫైల్లోపల సరుకు భద్రంగానే ఉంటుంది, పైన పేరు మాత్రం ఊడిపోతుంది. పేరుండాల్సిన చోట ఏదో ఒక పొడుగాటి అంకె ఉంటుంది.

గురువారం పొద్దున నేను వెళ్ళేసరికి చెక్ పూర్తయింది. నాలుగు వేల రెండొందల పదహారు ఫైళ్ళు పేరూ ఊరూ లేకుండా పడి ఉన్నాయి.

సూపరింటెండెంటు గారు వచ్చి చేతులు వెనక్కి కట్టుకుని తెర వంక చూశారు. సోమవారం తనిఖీకి పైవాళ్ళు వస్తున్నారనీ, ఒక్కో ఫైలూ తెరిచి, చదివి, దేని పేరు దానికి పెట్టి, ఎక్కడిదక్కడ సర్దమనీ చెప్పారు. నాలుగు వేలండీ అన్నాను. తొందరేం లేదమ్మా, నిదానంగా శనివారం సాయంత్రానికి చెయ్యి అన్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బ్యాటరీ గురించి ఒక మాట అనబోయాను. ఆయన అప్పటికే వెళ్ళిపోయారు.

కూర్చుని ఒక్కొక్కటీ తెరవడం మొదలుపెట్టాను. నదికి సంబంధించిన ఫైళ్ళు ఎన్నున్నాయో, సంబంధం లేనివీ అన్నే ఉన్నాయి. మా గుమాస్తా బరువు తగ్గడానికి వేసుకున్న దినచర్యలు పదిహేడు దొరికాయి, ఏ ఒక్కటీ రెండో రోజు దాటలేదు. పటాలు గీసే ఆయన రాజీనామా లేఖ ఇరవై ఆరు సార్లు రాసుకున్నాడు. మొదటి దాంట్లో సూపరింటెండెంటు గారిని కడిగి ఆరేశాడు. పోనుపోనూ మెత్తబడి, ఇరవై ఆరో దాంట్లో రెండు రోజులు సెలవు ఇప్పించమని ప్రార్థించాడు. సూపరింటెండెంటు గారిదీ ఒకటి దొరికింది. వచ్చే ఏడాది తన పదవీ విరమణ సభలో చదవడానికి రాసుకున్న ఉపన్యాసం. మూడు పేరాలకొకసారి ‘ఇక్కడ చప్పట్లు’ అని రాసి ఉంది. బ్యాటరీకి లేని తీరిక దీనికి ఉందన్నమాట. దాన్ని ఆయన ఫోల్డర్లో పెట్టి నోరు కుట్టేసుకున్నాను.

మధ్యాహ్నం మూడింటికి ఆ ఫైలు తెరిచాను. మామూలు కొలత పత్రం. స్టేషను నంబరు పద్నాలుగు. సమయం ఐదూ నలభై. నీటిమట్టం రెండు మీటర్ల ముప్ఫై ఆరు. నీటి రంగు ‘కొద్దిగా మడ్డి’. తేదీ చూశాను. శనివారం. పోయిన శనివారం కాదు, ఎల్లుండి శనివారం.

ముందు సర్వర్ గడియారాన్ని అనుమానించాను. గడియారం సరిగ్గానే ఉంది. తర్వాతి ఫైలు తెరిస్తే శుక్రవారంది, అంటే రేపటిది. ఇంకోటి ఆదివారంది. కింద ఇంకా కుప్పలు కుప్పలుగా ఉన్నాయి, అన్నీ పద్నాలుగో నంబరువే, మూడేళ్ళ కిందటి నుంచీ. ప్రతి వారానివీ ఏడేసి. ఏడింటినీ ఆదివారం సాయంత్రం ఒకే విడతలో రాసి పెట్టినట్టు, సేవ్ చేసిన సమయాలు చెబుతున్నాయి. అంటే రాబోయే వారం రోజుల నీటిమట్టం ముందుగానే రాసి దాచుకున్నారు. నది కన్నా ముందు.

పద్నాలుగో స్టేషను కొలిచేది మా అత్తగారు.

ఆవిడ గురించి చెప్పాలంటే నాకు పదకొండేళ్ళ కోపం ఉంది. కడిగిన గ్లాసు ఏ వైపు బోర్లించాలో పెళ్ళయిన మర్నాడు మొదలుపెట్టి ఇప్పటికీ నేర్పుతూనే ఉన్నారు. తువ్వాలు తీగ మీద ఒక పక్కకి జారితే పక్క గదిలోంచి పిలిచి మరీ చూపిస్తారు. మా ఆయన్ని అడిగితే ‘అమ్మ పద్ధతి అది’ అని పేపరు అడ్డం పెట్టుకుంటారు. నది మలుపు దగ్గర మెట్ల పక్కన నీళ్ళలో పాతిన కొలత స్తంభం మీద అంకె చదివి పంపడం ఆవిడ ఉద్యోగం. మిగతా చోట్ల మీటర్లు పెట్టారు, వాటిని మనుషులే వెళ్ళి చదువుతారు. ఆ మలుపులో మాత్రం ఒండ్రు ఎక్కువ, రెండుసార్లు పెట్టిన మీటర్లు రెండుసార్లూ పూడుకుపోయాయి. మీటరు పాడైన రోజున ఆవిడ మొహం చూడాలి.

ఇరవై ఏడేళ్ళుగా చేస్తున్నారు. ఎవరైనా ఒక పూట వెళ్ళలేకపోతే పత్రంలో ‘కొలవలేదు’ అని రాయాలి. జ్వరాలు, ప్రయాణాలు, కాళ్ళనొప్పులు, అందరికీ ఉంటాయి కాబట్టి అన్ని స్టేషన్లకీ ఆ మాట పదులకొద్దీ ఉంది. మా అత్తగారికి ఒక్కటంటే ఒక్కటి లేదు. పెద్ద వరద వచ్చిన ఏడాది ముప్ఫై ఒక్క గంటలపాటు గంటకోసారి మెట్ల మీద నిలబడి కొలిచారు. ఆ అంకెల్ని బట్టే కొత్త వంతెన ఎత్తు ఖాయం చేశారు. మేం ఎక్కిన బస్సు ఆ వంతెన మీదికి రాగానే ఆవిడ నడుం నిటారు చేసుకుని కూర్చుంటారు. నేను చూడనట్టు నటిస్తాను.

ఇప్పుడు అసలు భయం ఏమిటో చెప్పాలి. మా ఆఫీసులో ఒక నియమం ఉంది. ఎవరైనా ఇంట్లో కూర్చుని కొలత రాసినట్టు రుజువైతే, ఆ చేతి మీదుగా వచ్చిన కొలతలన్నిటి మీదా ‘సందేహాస్పదం’ అని ఎర్ర ముద్ర పడుతుంది. అన్నిటి మీదా. ఇక వాటిని ఎవరూ ఏ లెక్కలోకీ తీసుకోరు. తొమ్మిదో స్టేషను మనిషికి అలా పన్నెండేళ్ళ పని ఒక్క పూటలో పోయింది. ఆ మాట ఇంట్లో చెప్తే మా అత్తగారు ‘సరిగ్గా చేశారు’ అన్నారు.

ఆవిడ ఆఫీసుకి పంపిన కొలతల ఫోల్డర్ తెరిచాను. అదృష్టవశాత్తూ దాని పేర్లు ఊడలేదు. ఈ మధ్య రోజులవి తీసి, ముందే రాసి పెట్టుకున్న వాటి పక్కన పెట్టి చూశాను. పోయిన వారం మంగళవారం నుంచి నిన్న బుధవారం దాకా తొమ్మిది రోజులు. తొమ్మిదీ చుక్కతో సహా ఒక్కలాగే ఉన్నాయి. పోయిన గురువారం రాత్రి ఎగువన వాన పడి పై స్టేషను మీటరు ముప్ఫై నాలుగు సెంటీమీటర్లు పెరిగిందని చూపించింది. మర్నాడు పొద్దున ఆవిడ పంపిన పత్రంలో నది నిద్రపోతోంది. ఆ శుక్రవారం మధ్యాహ్నమే పల్లపు వీధిలో రెండు ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. నేల మీద పడుకున్నవాళ్ళు తడి తగిలి లేచారు. పల్లపు వీధికి కబురు వెళ్ళేది ఆ మలుపు కొలతని బట్టే; అది ఎవరూ చూడకుండా, కబురు ఎందుకు అందలేదని ఆఫీసంతా కలిసి టెలిఫోను గుమాస్తాని నానా మాటలూ అన్నాం. అతను ఏడ్చినంత పనిచేశాడు.

మూడేళ్ళుగా ఇదే భాగోతమా? నాకు గ్లాసులు బోర్లించడం నేర్పిన మనిషి చేసే పనా ఇది?

ఆ ఫైళ్ళన్నీ ఒకేసారి ఎంచి డిలీట్ నొక్కాను. నిజంగా తీసెయ్యమంటారా అని కంప్యూటర్ అడిగింది. అవును అని నొక్కితే అయిపోతుంది. ఈ ఫైళ్ళు ఉన్నాయని భూమ్మీద నాకు తప్ప ఎవరికీ తెలియదు. నేను ఆగాను. జాలి వల్లో నిజాయితీ వల్లో ఆగానని చెప్పుకుంటే బాగుంటుంది కానీ, నేను ఆగింది కోపంతో. వీటిని ఆవిడ మొహం ముందు పెట్టి అడగాలి, ఆ తర్వాతే ఏదైనా. వద్దు అని నొక్కి, తలనొప్పి అని చెప్పి, నాలుగింటికే ఇంటికి బయల్దేరాను.

ఆవిడ కిటికీ పక్కన బల్ల ముందు కూర్చుని ఉన్నారు. ఆ పొద్దున సర్వర్ లేదు కాబట్టి, నీరు పెరిగితే ఫోన్ చెయ్యమనీ, లేకపోతే కొలత కాగితం మీద రాసి ఉంచమనీ అన్ని స్టేషన్లకీ చెప్పాం. ఆవిడ ముందు ఆ కాగితం ఉంది, చేతిలో కలం ఉంది. పొద్దున్న ఆరున్నరకి రాయాల్సిన కాగితం సాయంత్రం ఐదైనా ఖాళీగానే ఉంది.

నేను చెప్పులు కూడా విప్పలేదు.

“ఎల్లుండి శనివారం నీళ్ళు రెండు మీటర్ల ముప్ఫై ఆరు ఉంటాయని మీకెలా తెలిసింది అత్తయ్యా?”

ఆవిడ నీళ్ళు నమలలేదు. కలానికి మూత పెట్టి పక్కన పెట్టారు. “దొరికాయన్నమాట” అన్నారు. “కూర్చో.”

కూర్చోలేదు. నిలబడే విన్నాను. మూడేళ్ళ కిందట కళ్ళ జబ్బు మొదలైందట. దేన్ని చూస్తే దాని నడిమధ్యలో బూడిదరంగు మచ్చ ఒకటి అడ్డం నిలబడుతుందట. చుట్టూ అంచులు కనిపిస్తాయి. నది కనిపిస్తుంది, మెట్లు కనిపిస్తాయి, స్తంభం మీద అంకె మాత్రం కనిపించదు. ఒక్కతే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఇది తగ్గేది కాదు, పెరగకుండా చూసుకోవాలి అన్నాడాయన. ఆవిడ ఇంటికొచ్చి నేల తుడిచే కర్ర తీసి, చాకుతో సెంటీమీటరుకొక గంటు పెట్టుకున్నారు. నీళ్ళలో ఎప్పుడూ మునిగి ఉండే ఒక మెట్టు మీద కర్ర నిలబెట్టి, ఎంతవరకు తడిసిందో బొటనవేలితో తడుముతూ గంట్లు లెక్కపెట్టేవారు. అంగుళం కాదు, సెంటీమీటరు కూడా తేడా రాలేదట. ఆ కర్ర కనిపించడం లేదని నేను మా ఆయన్ని రెండు రోజులు సాధించాను. ఈ ఇంట్లో నాకెవరైనా ఏదైనా చెప్తేగా.

అసలు తంటా కంప్యూటర్‌తో వచ్చింది. అక్షరాలు అరచెయ్యంత పెద్దవి చేస్తే తప్ప ఆవిడకి ఆనవు. అలా చేస్తే ఒక్క పత్రం నింపడానికి ముప్పావు గంట పడుతుంది. అందుకని ఆదివారం తీరిగ్గా కూర్చుని, వారానికి సరిపడా పత్రాలు తనకి తోచిన అంకెలతో నింపి పెట్టుకునేవారు. రోజూ పొద్దున్న నది దగ్గరికెళ్ళి కొలిచి వచ్చి, ఆ రోజు పత్రంలో తప్పిన అంకెలు దిద్ది పంపేవారు; దిద్దకముందు చిత్తు సర్వర్లో అలాగే మిగిలేది. అక్షరాలు పెద్దవి చెయ్యమని ఆవిడ అడిగింది నన్నే. విసుక్కుంటూ చేసిపెట్టాను. ఎందుకూ అని అడగలేదు.

“మరి ఈ తొమ్మిది రోజులూ?” అన్నాను.

పోయిన వారం సోమవారం కొలత అయ్యాక పాచి మీద కాలు జారిందట. మెడలోతు నీళ్ళలో పడి, స్తంభానికి ఉన్న ఇనుప కమ్మీ పట్టుకుని వేలాడారు. కర్ర కొట్టుకుపోయింది. ఎలాగో పైకొచ్చి, ఇంటికి నడిచి, బట్టలు మార్చుకుని, ఆ రోజు కొలత దిద్ది పంపి, మేం లేచేసరికి వంట మొదలుపెట్టేశారు. నాకు గుర్తుంది, ఆ రోజు తలుపు దగ్గర తడి ఎవరు చేశారని నేను గొణిగాను.

“మర్నాడు పై మెట్టు దాకా వెళ్ళాను” అన్నారు ఆవిడ. “కాలు కిందికి దిగలేదమ్మాయ్. భయమేసింది. వెనక్కొచ్చి, ముందే రాసి ఉంది కదా, పంపేశాను. రేపు దిగుదాంలే అనుకున్నాను. రోజూ అదే అనుకున్నాను.”

నాకు పట్టరాని కోపం వచ్చింది. కమ్మీ చేతికి అందకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే కోపం ఇంకా పెరిగింది. చూపు ఆనని మనిషి చీకటి విడవకముందే పాచి మెట్లు దిగడం ఏమిటని, ఇంట్లో ఇద్దరం మనుషులం ఏం చస్తున్నామని, నోటికొచ్చినట్టు అరిచాను. నాకెందుకు చెప్పలేదని అడిగాను.

“చెప్తే నువ్వు మాన్పించేదానివి.”

“మాన్పించేదాన్నే.”

“అందుకే.”

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. కోపం దిగాక మిగిలింది ఆవిడ ఇరవై ఏడేళ్ళు. ఆ ఫైళ్ళు నేను తీసేస్తే ఎవరికీ తెలియదని, రేపటి నుంచి కళ్ళ కారణం చెప్పి సెలవు పెట్టేస్తే అంతటితో అయిపోతుందని చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఎవరు ఏ ఫైలు తీసేసినా ఆఫీసులో తగాదాకి వెళ్ళేది నేనే.

ఆవిడ ఖాళీ కాగితాన్ని బల్ల అంచుతో కలిసేలా సరిచేశారు.

“పోయిన శనివారం పల్లపు వీధికి వెళ్ళాను. నీళ్ళొచ్చిన ఇల్లు చూద్దామని. ఆ ఇంటావిడ పరుపు బయట వేసుకుని అవస్థ పడుతోంది. నేనెవరో తెలీదు. ‘కాస్త ఆ కొస పట్టుకుంటావా అమ్మా, నీళ్ళు పిండాలి’ అంది. పట్టుకున్నాను. చేతులు నొప్పెట్టేదాకా పిండాం. నాకు మంచినీళ్ళిచ్చి పంపింది. ఇవాళ ఇది రాద్దామని పొద్దున్నించీ కూర్చున్నాను. చేత్తో అబద్ధం రాయడం చాతకాలేదు. తీసెయ్యకు వాటిని. రేపు నన్ను ఆఫీసుకి తీసుకెళ్ళు.”

శుక్రవారం పదింటికి తీసుకెళ్ళాను. మెట్లెక్కేటప్పుడు మోచెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నారు. మూడు మెట్లయ్యాక తనే నా చెయ్యి వెతుక్కున్నారు.

సూపరింటెండెంటు గారు ఆవిణ్ణి చూసి లేచి నిలబడ్డారు. నా ఉద్యోగంలో ఆయన ఎవరి కోసమూ లేవడం చూడలేదు. ఆవిడ కూర్చుని, ఒక్క మాట అటూ ఇటూ పోనివ్వకుండా అంతా చెప్పారు. కళ్ళు, కర్ర, ఆదివారాలు, పడిపోవడం, తొమ్మిది రోజులు, పల్లపు వీధి. టెలిఫోను గుమాస్తా తప్పేమీ లేదని, అతన్ని పిలిచి ఆ మాట తన ఎదుటే చెప్పాలని కూడా అన్నారు. ఆయన ఆకుపచ్చ కలం మూత తీశారు, పెట్టారు, మళ్ళీ తీశారు.

“తొమ్మిది రోజులతో ఆగదమ్మా ఇది” అన్నారు చివరికి. “నియమం మీకు తెలుసు. ఇరవై ఏడేళ్ళూ పోతాయి.”

“తెలుసు” అన్నారు ఆవిడ.

వెన్ను నిటారుగానే ఉంది. ఒళ్ళోని సంచి అంచుని మాత్రం వేళ్ళతో నలుపుతున్నారు, నలుపుతూనే ఉన్నారు. ఆ వేళ్ళు చూడలేకపోయాను. ఎవరి మీదో తెలియకుండా నాకు మళ్ళీ కోపం వచ్చింది. ఒక్క గంట ఆగమని ఆయనతో అన్నాను. అడిగినట్టు అనలేదు, గదమాయించినట్టే అన్నాను.

ఆవిడ రోజూ దిద్దానని చెప్పారు. నేను ఆ మాటని పూర్తిగా నమ్మానని కూడా చెప్పలేను. కానీ దిద్ది ఉంటే ఆనవాలు ఉంటుంది. చిత్తులు లాస్ట్ అండ్ ఫౌండ్‌లో ఉన్నాయి, పంపినవి స్టేషను ఫోల్డర్లో ఉన్నాయి. పేర్లు ఊడితేనేం, ప్రతి చిత్తులోపలా తేదీ ఉంది. తేదీని తేదీతో జతచేసి, తేడా ఎంతో పక్కన రాయమని కంప్యూటర్‌కి చెప్పాను. పది నిమిషాల పని. ప్రింటర్ ఇరవై మూడు పేజీలు కక్కింది.

వెయ్యీ ఎనభై రెండు రోజులు. అందులో వెయ్యీ యాభై ఒక్క రోజుల చిత్తుకీ, పంపినదానికీ తేడా ఉంది. ఒక రోజు రెండు సెంటీమీటర్లు, ఒక రోజు పదకొండు, ఒక రోజు అరమీటరు. మారనివి ముప్ఫై ఒకటి. ఈ తొమ్మిదీ పోగా మిగిలిన ఇరవై రెండూ నడి ఎండాకాలంవి, నదిలో చలనం లేని రోజులు. నిన్న నేను అవును అని నొక్కి ఉంటే ఈ కాగితాలు ఉండేవి కావు.

పేజీలు తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. ఇది కూడా పరిశీలనలో ఉంచుతారేమో అనుకున్నాను. ఆయన కళ్ళజోడు మార్చుకుని, బీరువా తీసి, పై స్టేషను మీటరు గీసిన మూడేళ్ళ గీతల చుట్ట బయటికి లాగారు. బల్ల మీద పరిచారు. పైన నీరు పెరిగిన ఐదారు గంటలకి మలుపులో పెరగాలి, పైన తగ్గితే ఇక్కడ తగ్గాలి. ఒక్కో పేజీ మీద వేలు పెట్టి, గీత మీద స్కేలు పెట్టి చూసుకుంటూ పోయారు. తెప్పించుకున్న టీ చల్లారిపోయింది. ఫోన్ రెండుసార్లు మోగితే ఎత్తలేదు. మూడో ఏడాది చుట్ట దాకా వచ్చేసరికి గంటన్నర అయింది. ఈ మనిషికి నది తెలుసన్న సంగతి ఇన్నేళ్ళలో నాకు తట్టలేదు.

“దిద్దినవన్నీ గీతతో కలుస్తున్నాయి” అన్నారు కళ్ళజోడు తీసి. “ఇంట్లో కూర్చుని అబద్ధం రాసే మనిషి, వెయ్యి పొద్దులు లేచి తన తప్పు తనే దిద్దుకోదు.”

తర్వాత చెప్పాల్సినవి చెప్పారు. ఈ రోజుతో స్టేషను ఆవిడ చేతిలోంచి తీసేస్తారు. పల్లపు వీధి విషయం ఆవిడ పేరు మీద నమోదవుతుంది, దాన్ని ఎవరూ తుడపలేరు. తొమ్మిది రోజుల కొలతలూ కొట్టేసి, వాటి చోట ‘కొలవలేదు’ అని రాయాలి, నిన్నటికీ ఇవాళ్టికీ కూడా అదే రాయాలి. మిగతా పనికి ఎర్ర ముద్ర అక్కర్లేదని సోమవారం వచ్చేవాళ్ళకి తనే రాసిస్తారు. వాళ్ళు ఒప్పుకోకపోతే ఏం చెయ్యాలో అప్పుడు చూస్తారు, కానీ సంతకం మాత్రం ఇప్పుడే పెడతారు. అని, అక్కడికక్కడే రాసి పెట్టారు. టెలిఫోను గుమాస్తాని పిలిపించారు. మా అత్తగారు లేచి నిలబడి అతనికి క్షమాపణ చెప్పుకున్నారు. అతను ఎటు చూడాలో తెలియక, ఫర్వాలేదమ్మా, కూర్చోండమ్మా అని నాలుగుసార్లు అన్నాడు.

కొట్టేసే కొలతని కొలిచిన మనిషికి చదివి వినిపించి, అవుననిపించుకుని కొట్టెయ్యాలి. అదీ నియమమే. ఆ తొమ్మిది అంకెలూ ఎక్కించిన కొట్టివేతల పుస్తకం నా ముందుకి వచ్చింది. నేను మంగళవారం తేదీ చదివాను. ఆవిడ అవును అన్నారు. అంకె మీద గీత కొట్టి, ‘కొలవలేదు’ అని రాశాను. బుధవారం. అవును. గురువారం. అవును. శుక్రవారం తేదీ చదివేటప్పుడు ఆవిడ కాస్త ఆగి, పల్లపు వీధి రోజు అని, అవును అన్నారు. ఇరవై ఏడేళ్ళలో ఒక్కసారీ లేని మాటని నా చేత్తో వరసగా రాస్తున్నాను. ఐదోదానికి నా అక్షరాలు వంకర పోయాయి. ఏడోదానికి కన్నీళ్ళు ఆగలేదు, మోచేత్తో తుడుచుకుని రాశాను. ఆవిడ ఏడవలేదు. తొమ్మిదీ అయ్యాక నిన్నటిదీ, ఇవాళ్టిదీ రాసి పుస్తకం ఆయన వైపు జరిపాను.

ఇంకా కొట్టెయ్యాల్సినవి ఏమైనా ఉన్నాయా అని ఆయన అడిగారు. అదీ పత్రంలో ఉన్న ప్రశ్నే, అడగక తప్పదు.

మా అత్తగారు మొహం కొద్దిగా పక్కకి తిప్పారు, కంటి అంచుతో ఆయన్ని చూడటానికి.

“లేవండీ. మిగతావన్నీ నేను కొలిచినవే.”